సోదాకును ఒక మర్యాద కలదు

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో, వాన తక్కువ, రాయి ఎక్కువ. కొండాపురము వంటి మండలమునుండి మనసు చెదిరిన కుమారుని పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోదలచిన తల్లి తెల్లవారకముందే లేచి బస్సుకొరకు నిలువవలసియుండును. ఆమె చేతిలో ఒక సంచి యుండును. అందులో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, గిన్నె, గ్లాసు, పాత మందుచీటీలు, దారిలో తినుటకు కట్టుకొనిన సద్ది, ఎవరో పెద్దలు ఇచ్చిన తాయెత్తు ఉండును. ఆసుపత్రి ద్వారమువద్ద ఆ సంచిని విప్పి చూచెదరు.

అక్కడ ఒక కాపలాదారు, "ఏమే, సంచి దింపు. ఏం తెచ్చావు లోపలికి?" అని గద్దింపవచ్చును. మరియొకచోట ఒక నర్సు, "అమ్మా, లోపల ఉన్నవాళ్ళ క్షేమం కోసం అందరి సంచులూ చూస్తున్నాము. మీరే విప్పి చూపించండి" అని చెప్పవచ్చును. రెండుచోట్లను విప్పునది ఒకే సంచి. అందు కానరానిది ఏదైన నున్నచో రెండుచోట్లను దొరకును. కాని మొదటి మాటతో ఆ తల్లి దోషిగా నిలిచినది. రెండవ మాటతో ఆమె వైద్యునకు తోడుగా లోపలికి నడచినది. మానసిక వైద్యశాలలలో జరుగు సోదాలను గూర్చిన చర్చ యంతయు ఈ రెండు మాటల నడుమ ఉన్నది.

ఈ చర్చకు నేడు కారణము లేకపోలేదు. విశాఖ మన్యపు కొండలలో పెరిగిన గంజాయి జాతీయ రహదారి మీదుగా దక్షిణమునకు పోవుచు నెల్లూరు జిల్లాలో పట్టుబడినట్లు వార్తలు తరచు వచ్చుచున్నవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మత్తుపదార్థముల నరికట్టుటకు 2024 నవంబరులో 'ఈగల్' అను ప్రత్యేక దళమును ఏర్పరచి, సమాచారము తెలుపుటకు 1972 అను ఫోను సంఖ్యను ప్రజలకు ఇచ్చినది. రైల్వే స్టేషనులలోను, బస్సులలోను, పార్సిలు కార్యాలయములలోను వాసన పట్టు పోలీసు కుక్కలు తిరుగుట క్రమముగా అలవాటగుచున్నది. ఇంగ్లండులో ఇట్టి కుక్కలను కొన్ని మానసిక వైద్యశాలల వార్డులలోనికి కూడ తీసికొనిపోవుచున్నారు. మత్తు బెడద పెరిగినకొలది ఆ పద్ధతి ఇక్కడికిని రావలెనని అడుగువారు బయలుదేరుట సహజము. కనుక అట్టి రోజు రాకముందే రెండు ప్రశ్నలను విడివిడిగా ఆలోచించుట మంచిది. ఆసుపత్రిలో సోదా ఎందుకు? సోదా ఎట్లు?

సోదా ఎందుకు?

మానసిక వైద్యశాలలో సోదా యే అక్కరలేదనుట ఉదారముగా వినబడును గాని, లోపలివారి స్థితి నెరిగినవారు ఆ మాట అనరు. అక్కడ జీవితముపై ఆశ కోల్పోయినవారు ఉందురు. భయముచే కంపించువారు, కోపమును అదుపు చేసికొనలేనివారు ఉందురు. ఒక పదునైన వస్తువు గాని, ఒక అగ్గిపెట్టె గాని అట్టి చోట ప్రాణాంతకము కావచ్చును. మద్యమునో గంజాయినో మానుకొనుటకు వచ్చి, మొదటి వారపు యాతన పడుచున్నవారును అదే కప్పు క్రింద ఉందురు. చూడవచ్చిన స్నేహితుడు జేబులో తెచ్చిన చిన్న పొట్లము వారి ప్రయత్నమునంతటిని ఒక్క పూటలో వమ్ము చేయును. పొట్లము తెచ్చినవాడు అమ్మకమునకు దిగినచో, బలహీనులైన రోగులు వానికి బాకీపడుదురు, వానికి భయపడుదురు.

గంజాయికిని మనోవ్యాధికిని గల సంబంధమును గూర్చి వైద్యులు చిరకాలముగా పరిశోధించుచున్నారు. స్వీడను దేశమున సైన్యములో చేరవలసిన 45 వేలకు పైబడిన యువకుల ఆరోగ్యమును 15 సంవత్సరములు గమనించి, ఆ ఫలితములను 1987లో 'లాన్సెట్' అను వైద్యపత్రికలో ప్రకటించిరి. యాబది మారులకు మించి గంజాయి వాడితిమని చెప్పినవారిలో స్కిజోఫ్రీనియా అను తీవ్ర మనోవ్యాధి, ఎన్నడును వాడనివారిలో కంటె ఆరు రెట్లు అధికముగా కనబడెను. గంజాయి వాడిన ప్రతివానికిని ఆ వ్యాధి వచ్చునని దీని అర్థము కాదు. కాని వ్యాధి యున్నవానికి, వచ్చు లక్షణములున్నవానికి, గంజాయి అగ్నికి ఆజ్యము వంటిది. అంతేకాదు. రోగి రహస్యముగా గంజాయి పీల్చుచున్నచో వైద్యునకు ఆ సంగతి తెలియదు. రోగి కలవరము పెరిగినదని చూచి మందు చాలలేదనుకొని మోతాదు పెంచును. తప్పు ఒకచోట ఉండగా చికిత్స మరియొకచోట సాగును.

కావున సోదా అవసరము. అయితే అవసరమైన పని యెట్లు చేసినను తప్పులేదను భావన ఎంత దూరము పోగలదో చెప్పు నిదర్శనములు చరిత్రలో ఉన్నవి.

భద్రత పేరిట

విశాఖపట్టణమున ప్రభుత్వ మానసిక వైద్యశాల 1871లో మొదలైనది. నిజాము రాజ్యమున జాల్నాలో నడచిన వైద్యశాల 1953లో హైదరాబాదులోని ఎర్రగడ్డకు తరలివచ్చినది. నాడు ఇట్టి సంస్థలలో చాలవాటికి ఎత్తైన గోడలు, తాళములు ఉండెడివి. 1912 నాటి చట్టము పేరే ఉన్మాదుల చట్టము. 1987లో దాని స్థానమున మానసిక ఆరోగ్య చట్టము, 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము వచ్చినవి. చట్టముల పేర్లు మారినవి గాని వాడుకమాట మారలేదు. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అను ఎగతాళి తరగతి గదిలో సయితము వినబడును. ఆసుపత్రి పేరే తిట్టుగా మారిన చోట, దాని ద్వారమున జరుగు సోదా సిగ్గుతో కూడినదగుటలో వింత లేదు.

ఆసుపత్రికి పోవ వెరచినవారు వేరు దారులు వెదకుదురు. ఆత్మకూరు చేరువ నున్న అనుమసముద్రముపేట దర్గాకు మనసు చెదిరినవారిని తీసికొనివచ్చి కొన్నినాళ్ళు ఉంచుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ నమ్మకమును పరిహసింపవలసిన పని లేదు. దిక్కుతోచని కుటుంబములకు అది ఒక ఊరట. కాని తమిళనాడులోని రామనాథపురము జిల్లాలో ఇట్టిదే యైన ఏర్వాడి దర్గా చుట్టును వ్యాపారముగా వెలసిన ప్రైవేటు శాలలలో ఒకదానియందు 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున జరిగిన దారుణమును మరువరాదు. పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టియుంచిన 28 మంది రోగులు పారిపోలేక మరణించిరి. వారిని కట్టివేసినవారు చెప్పుకొనిన కారణము కూడ భద్రతయే. రోగి పారిపోకుండ, ఎవరిని కొట్టకుండ ఉండుటకే గొలుసు. సుప్రీము కోర్టు ఆ ఘటనను తనంతట తానే విచారణకు స్వీకరించి, ఇట్టి శాలలపై రాష్ట్రములను హెచ్చరించినది. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొనుట యను సామెత అక్కడ అక్షరాల నిజమైనది.

ఏర్వాడి గొలుసును, ఆసుపత్రి ద్వారమున సంచి విప్పించుటను ఒకే తక్కెడలో తూచుట న్యాయము కాదు. అయినను రెండింటికిని ఒక ప్రశ్న సమానము. రక్షించుట యను పనిలో, రక్షింపవలసిన మనిషి కంటికి కనబడుచున్నాడా లేదా?

కుక్క యెరుగునదేమి?

ఇక కుక్కల సంగతి. మనుష్యుని ముక్కులో వాసనను గ్రహించు కణములు సుమారు 50, 60 లక్షలుండగా, కుక్కకు 20 కోట్లకు పైగా ఉండునని అంచనా. లాబ్రడారు, జర్మను షెపర్డు, బెల్జియను మాలినోయి వంటి జాతుల కుక్కలను ఈ పనికి ఎంచుకొందురు. గ్వాలియరు చేరువ టేకన్‌పూరులో సరిహద్దు భద్రతాదళము నడపు జాతీయ శిక్షణ కేంద్రము ఇందులకు ప్రసిద్ధము. హైదరాబాదు చేరువ మొయినాబాదులోను పోలీసు కుక్కల శిక్షణ జరుగును. కుక్కకు ముందు మత్తు అలవాటు చేసి ఆ యావతో వెదకింతురని విద్యార్థులలో కొందరు అనుకొందురు. అది పొరపాటు. ఆ వాసన దొరికిన ప్రతిమారును కుక్కకు ఇష్టమైన బంతినిగాని, తువ్వాలునుగాని ఇచ్చి ఆడింతురు. కుక్క వెదకునది తన ఆటవస్తువును. వాసన దొరికినప్పుడు మొరగక, గోకక, నెమ్మదిగా కూర్చుండునట్లు నేర్పుటయు కలదు. జనుల నడుమ తిరుగు కుక్కలకు ఈ పద్ధతియే తగినది.

కుక్క యెరుగునది వాసన మాత్రమే. నేరము దానికి తెలియదు. నిన్న గంజాయి పీల్చినవాని ప్రక్కన బస్సులో కూర్చున్నవాని చొక్కాకు ఆ వాసన అంటియుండవచ్చును. పొట్లము తీసివేసిన తరువాతను సంచిలో వాసన మిగిలియుండవచ్చును. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రము 2001లో పోలీసు కుక్కల వినియోగమునకు ఒక చట్టము చేసినది. ఆ చట్టము అమలైన తీరును అక్కడి అంబుడ్స్‌మన్, అనగా ప్రభుత్వ శాఖల పనిని తనిఖీచేయు స్వతంత్రాధికారి, పరిశీలించి 2006లో నివేదిక వెలువరించెను. కుక్క సూచనపై జరిపిన సోదాలలో నూటికి 26 మాత్రమే మత్తుపదార్థము దొరకెను. తక్కినవారు నలుగురి ఎదుట నిలిచి, జేబులు తడిమించుకొని, వట్టి చేతులతో వెడలిరి.

దీనికి తోడు కుక్క తన యజమాని ముఖమును చదువగలదు. 1907లో జర్మనీలో జరిగిన ఒక పరీక్ష ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది. హాన్స్ అను గుర్రము లెక్కలు చేయుననియు, జవాబును డెక్కతో కొట్టి తెలుపుననియు దేశమంతట కీర్తి పొందెను. ఆస్కర్ ఫుంగ్స్ట్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి చూడగా, ప్రశ్న అడుగువానికి జవాబు తెలియనప్పుడు గుర్రమునకును తెలియలేదు. సరియైన సంఖ్య వచ్చువేళకు అడుగువాని తలలో, భుజములలో కలుగు స్వల్పమైన కదలికను చూచి అది ఆగుచుండెను. ఒక శతాబ్దము గడచిన పిదప, 2011లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 18 కుక్కలను, వాటి శిక్షకులను ఇట్లే పరీక్షించిరి. గదులలో మత్తుపదార్థము గాని ప్రేలుడు పదార్థము గాని ఏమియు లేదు. కాని ఎర్రకాగితము అంటించిన చోట వాసన యున్నదని శిక్షకులకు చెప్పిరి. ఏమియు లేని ఆ గదులలో 'ఇక్కడ కలదు' అను సూచనలు రెండువందలకు మించి వచ్చినవి. ఎర్రకాగితము ఉన్నచోట్ల మరింత తరచుగా వచ్చినవి.

ఈ పరీక్షలు కుక్కను నిందించుటకు కావు. వాడిన బట్టలు, పరుపులు, పెట్టెలు, పార్సిళ్ళు వెదకుటలో దాని సాయము అమూల్యము. కాని శిక్షకుడు ఎవనిని ముందే అనుమానించునో, కుక్కయు వానివద్దనే ఆగు ప్రమాదమున్నది. మానసిక వైద్యశాలలో వింతగా చూచువాడు, చేతులు వణకువాడు, తనలో తాను మాటలాడుకొనువాడు సులభముగా అనుమానమునకు లోనగును. అవి వాని వ్యాధి లక్షణములు. కొన్ని మందుల వలనను చేతులు వణకును. పోలీసులు తనను వెంటాడుచున్నారను భ్రమతో వచ్చి చేరిన రోగి యెదుట నిజముగనే పోలీసు కుక్క వచ్చి నిలిచినచో, ఆ భ్రమను తొలగించుటకు వైద్యుడు నెలలపాటు చేసిన శ్రమ ఏమగును?

ఇంగ్లండు అనుభవము

ఈ ప్రశ్నలను ముందుగా ఎదుర్కొనినది ఇంగ్లండు. బ్రాడ్‌మూర్ అను వైద్యశాల అక్కడ 1863లో వెలసినది; తీవ్రమైన నేరములు చేసిన మనోరోగులను అందుంచి చికిత్స చేయుదురు. అక్కడ అనుమానము లేకున్నను అప్పుడప్పుడు రోగులందరిని సోదా చేయుదుమని అధికారులు నియమము పెట్టగా, కొందరు రోగులు కోర్టుకు వెళ్ళిరి. 1998లో అప్పీలు కోర్టు అధికారుల పక్షమున తీర్పు చెప్పెను. రోగులను నిర్బంధించి చికిత్స చేయు అధికారమున్నప్పుడు, అందరి క్షేమముకొరకు సోదాచేయు అధికారమును అందులోనే ఇమిడియున్నదనియు, వైద్యుడు ఆక్షేపించినను ఆ అధికారము పోదనియు తీర్పు సారాంశము. అనగా సోదా అవసరమను వాదము అక్కడ గెలిచినది.

గెలిచిన తరువాత వారు అక్కడితో ఆగలేదు. మానసిక ఆరోగ్య చట్టము అమలునకు 2015లో వెలువడిన ఆచరణ నియమావళి, సోదా ఎట్లు జరుగవలెనో వివరించినది. ప్రతి వైద్యశాలకును వ్రాతమూలకమైన విధానము ఉండవలెను. మొదట రోగి సమ్మతిని కోరవలెను. సమ్మతింపనిచో చికిత్సా బాధ్యత గల వైద్యునికి తెలుపవలెను. దేహమును పురుషునకు పురుషుడు, స్త్రీకి స్త్రీ మాత్రమే సోదా చేయవలెను. ఎందుకు చేయుచున్నారో, ఏమి జరుగుచున్నదో ఆద్యంతము చెప్పుచుండవలెను. తీసికొనిన వస్తువులకు రసీదు ఇచ్చి, అవి యెక్కడ ఉంచిరో తెలుపవలెను. సోదావలన మనసు నొచ్చినవారికి తరువాత ఊరట కలిగింపవలెను. ఇందులో ఏదియు ఖరీదైన యంత్రము కాదు. రసీదు పుస్తకము, కొంత ఓర్పు, నాలుగు మంచిమాటలు.

ఈ నియమముల వెలుగులో కుక్కల వినియోగమును కూడ నిర్ణయింపవచ్చును. రోగులు భోజనశాలలోనో తోటలోనో ఉన్నవేళ ఖాళీ గదులను, బీరువాలను కుక్కచే వెదకింపవచ్చును. కుక్క వచ్చుచున్న సంగతిని వార్డులోని నర్సులకు, భయపడు స్వభావముగల రోగులకు ముందే తెలుపవచ్చును. కుక్క స్పర్శ మతాచారమునకు విరుద్ధమని తలచువారి ప్రార్థనా వస్తువులను వేరుగా, చేతితో చూడవచ్చును. కుక్క కూర్చున్నంతమాత్రమున వానిని దోషిగా ఎంచక, ఏకాంతమున మాటలాడి, వాని సమాధానము వినవచ్చును.

మన చట్టము చెప్పునది

తెలుగు నేలపై ఇట్టి నియమములకు ఆధారము వెదకికొనుటకు ఇంగ్లండు పోనక్కరలేదు. 1985 నాటి మత్తుపదార్థముల నిరోధక చట్టము చాల కఠినమైనది. ఆ చట్టములోని 50వ విభాగమును చూడుడు. ఒకని దేహమును సోదా చేయబోవు అధికారి, అతడు కోరినచో దగ్గరనున్న గెజిటెడు అధికారి యెదుటికో, మేజిస్ట్రేటు ఎదుటికో తీసికొనిపోవలెను. స్త్రీని స్త్రీ తప్ప మరెవరును సోదా చేయరాదు. ఈ హక్కు నీకు కలదని ఆ మనిషికి ముందుగా చెప్పి తీరవలెనని సుప్రీము కోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2010లో స్పష్టము చేసినది. ఈ నియమము పోలీసు మున్నగు అధికారులు చేయు దేహపు సోదాకు సంబంధించినది. ఆసుపత్రి నర్సుకు వర్తించునది కాదు. అయినను ఒక విచారము తప్పదు. గంజాయి రవాణా చేసెనని అనుమానమున్నవానికి చట్టము ఇచ్చిన మర్యాద, జబ్బుతో వచ్చినవానికి దక్కకపోవుట తగునా?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఆ ప్రశ్నకు జవాబు ఇచ్చినది. మనోవ్యాధిగల ప్రతివానికిని గౌరవముతో బ్రతుకు హక్కు కలదని 20వ విభాగము చెప్పును. ఏకాంతము, దేహమును కప్పు తగిన వస్త్రములు, కోరినచో స్వంత బట్టలు ధరించు స్వేచ్ఛ, బలవంతముగా తల గొరిగింపకుండుట అందులో పేర్కొనిన హక్కులు. రోగిని గొలుసులతో కట్టుట ఏ విధముగను కూడదని 95వ విభాగము నిషేధించినది. అదుపు చేయక తప్పని ప్రమాదవేళ కూడ, ఆ ప్రమాదము తీరువరకే అదుపు చేయవలెననియు, శిక్షగాగాని, సిబ్బంది చాలలేదను నెపముపైగాని అట్లు చేయరాదనియు 97వ విభాగము చెప్పుచున్నది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఈ చట్టము మద్యము, మత్తుపదార్థముల వాడుకవలన కలుగు మనోవికారములను కూడ మనోవ్యాధిలో చేర్చినది. అనగా గంజాయికి బానిసయైన కొండాపురపు కుర్రవాడు చట్టము దృష్టిలో రోగి. స్వచ్ఛందముగా చికిత్సకు వచ్చిన వ్యసనపరునికి, వాడుకకును కొలది పరిమాణమునకును సంబంధించిన నేరములలో, అభియోగమునుండి రక్షణ నిచ్చు 64ఎ విభాగము 1985 నాటి కఠినమైన చట్టములోనే ఉన్నది. చికిత్సకు రమ్మని పిలిచి, వచ్చినవానిని ద్వారమువద్దనే బెదిరించినచో ఈ రెండు చట్టముల ఉద్దేశమును నీరుగారును. ఒక ఇంటి బిడ్డకు జరిగిన అవమానము ఊరంతయు తెలియును. మరునాడు అదే వీధిలోని మరియొక తల్లి తన కుమారుని ఆసుపత్రికి తీసికొనిపోదు. ఇంటిలోనే గది గడియ వేయును.

దూబగుంట నేర్పిన పాఠము

మత్తుతో పోరాడుట ఎట్లో ఈ ప్రాంతమునకు ఎవరును వచ్చి నేర్పనక్కరలేదు. కొండాపురమునకు పొరుగున, కలిగిరి మండలములో, దూబగుంట కలదు. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమమున రాత్రిబడులకు వచ్చిన ఆడువారు అక్షరములతోబాటు తమ కష్టమును గూర్చి మాటలాడుకొనిరి. సారా వలన కూలిన కాపురమును చెప్పు 'సీతమ్మ కథ' వారి వాచకములో ఒక పాఠము. రోశమ్మ మున్నగువారు ముందు నిలువగా దూబగుంట స్త్రీలు ఊరిలోని సారా దుకాణమును మూయించిరి. ఆ గెలుపు మరల పాఠమై ఊరూర పాకెను. 1992లో జిల్లా యంతయు కదలినది. సారా వేలములు ఆగినవి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయిన సంగతియు తెలిసినదే.

త్రాగివచ్చిన మగవారిని నలుగురిలో అవమానించిన ఘటనలు ఆ రోజులలో అక్కడక్కడ జరుగకపోలేదు. కాని ఉద్యమము గెలిచినది ఆ ఘటనల వలన కాదు. ఆ స్త్రీలు అడ్డగించినది సారా బండిని, మూయించినది దుకాణమును, ఆపించినది వేలమును. త్రాగిన భర్త సాయంకాలము తిరిగి రావలసినది తమ ఇంటికేయని వారికి తెలియును. అతనిని మనిషిగా మిగుల్చుకొనుటకే వారు రోడ్డుమీదికి వచ్చిరి. వస్తువుపై కాఠిన్యము, మనిషిపై మమకారము కలిసియుండుట సాధ్యమేయని చదువు నేర్చుకొనుచున్న పల్లె స్త్రీలు నిరూపించిరి. ఆసుపత్రి సోదాకు ఇంతకు మించిన సూత్రము అక్కరలేదు.

ఒక ఆక్షేపణ

ఇంత మర్యాదకు వ్యవధి యెక్కడిదని ఆసుపత్రి సిబ్బంది అడుగవచ్చును. వార్డునిండ రోగులు, నర్సులు కొద్దిమంది, బయట చూడవచ్చినవారి వరుస. ఒక బ్లేడు లోపలికి పోయినచో అడుగునది వారినే. ఈ మాటలో న్యాయమున్నది. సిబ్బందిని పెంచక, ద్వారమువద్ద మరుగుకు ఒక తెర యైనను కట్టక, మర్యాదను మాత్రము వారినుండి కోరుట ప్రభుత్వమునకు తగదు. స్త్రీలను సోదా చేయుటకు స్త్రీ లేనిచో నియమమెంత మంచిదైనను కాగితముననే ఉండును.

అయినను, మర్యాద వలన పని ఆలస్యమగునను భయమునకు ఆధారము తక్కువ. "మీరే విప్పి చూపించండి" అనుటకు పట్టు కాలము, "సంచి దింపు" అనుటకు పట్టు కాలము కంటె ఒకటి రెండు క్షణములు హెచ్చు. ఫలితము మాత్రము చాల హెచ్చు. గౌరవము పొందిన రోగి, ప్రక్క మంచమువాడు దాచినదానిని కూడ నర్సు చెవిలో చెప్పును. అవమానము పొందినవాడు తనవద్దనున్నది మరింత లోతుగా దాచును. ఏ కుక్కయు పసిగట్టలేని సంగతులను నమ్మకము బయటపెట్టును.

ఇది పాఠశాలలకును వర్తించును. విద్యాసంస్థలలో మత్తుకు వ్యతిరేకముగా ఈగల్ క్లబ్బులు ఏర్పడుచున్న ఈ రోజులలో, విద్యార్థి సంచిని చూడవలసిన సందర్భము ఏ ప్రధానోపాధ్యాయునకైనను రావచ్చును. తరగతి యంతయు చూచుచుండగా ఒకని సంచిని బల్లపై గుమ్మరించుట ఒక పద్ధతి. వానిని గదిలోనికి పిలిచి, కారణము చెప్పి, వానిచేతనే విప్పించి, దొరికినచో తల్లిదండ్రులను, వైద్యుని సంప్రదించుట మరియొక పద్ధతి. మనసుకు కష్టము కలిగినవారు ఏ వేళనైనను మాటలాడుటకు 2022 అక్టోబరునుండి కేంద్రప్రభుత్వము నడపు టెలిమానస్ సంఖ్య 14416 కలదని ఆ పిల్లవానికి చెప్పుట ఉపాధ్యాయుని పనిలో భాగమే. మొదటి పద్ధతిలో పొట్లము దొరకును, పిల్లవాడు పోవును. రెండవదానిలో రెండును దక్కుటకు అవకాశమున్నది.

కుక్కలు ఆసుపత్రికి వచ్చునో రావో ప్రభుత్వము నిర్ణయించును. ఎవరు వచ్చినను, రాకున్నను, కొండాపురమునుండి తెల్లవారకముందు బయలుదేరిన ఆ తల్లి రేపును ద్వారమువద్ద నిలిచియుండును. ఆమె సంచిని విప్పి చూడవలసినదే. చూచిన తరువాత ఆ దుప్పటిని మరల మడిచి, ఆ తాయెత్తును ఉన్నచోటనే ఉంచి, సంచిని ఆమె చేతికి ఇచ్చువారు ఉన్నచో, ఆమె కుమారునకు చికిత్స ఆ ద్వారమువద్దనే మొదలైనదని చెప్పవచ్చును.